లావెన్‌హామ్‌లో మా నాన్న

ఇంగ్లండ్ పల్లెటూళ్లు చూడాలనుకునే మనవాళ్లంతా కాట్స్‌వోల్డ్స్ వైపే పరిగెడతారు. తేనె రంగు రాతి ఇళ్లు, వాటి ముందు బస్సులకొద్దీ జనం, ఫోటోలు. బాగానే ఉంటాయి, కాదనను. మేం అప్పట్లో కేంబ్రిడ్జ్‌లో ఉండేవాళ్లం కాబట్టి మాకు సఫోక్ జిల్లా దగ్గర. అక్కడి ఊళ్ల పేర్లు మనవాళ్లలో చాలామంది విని ఉండరు. లావెన్‌హామ్, కెర్సీ, లాంగ్ మెల్‌ఫర్డ్. ఒకప్పుడు ఇవన్నీ ఉన్ని బట్టలు నేసి బతికిన ఊళ్లు.

2013 వేసవిలో అమ్మ, నాన్న మా దగ్గరికి వచ్చారు. నాన్నది చీరాల పక్కన జాండ్రపేట. పుట్టింది, పెరిగింది, పెళ్లి చేసుకుంది అన్నీ మగ్గం చప్పుడు మధ్యలోనే. అలాంటి మనిషిని తీసుకెళ్లి కేంబ్రిడ్జ్ కాలేజీలు చూపిస్తే ఏం చేస్తాడు? కింగ్స్ కాలేజీ చాపెల్ కప్పు కేసి మెడ నొప్పెట్టేదాకా చూసి, "బాగుంది" అన్నాడు. బయటికొచ్చాక నన్ను పక్కకి పిలిచి, "అందరూ చదువుకునేవాళ్లే కనపడతన్నారు, ఈ ఊళ్లో పని చేసేవాళ్లు ఎక్కడుంటారమ్మా?" అని అడిగాడు. ఆ తర్వాత ఆయన్ని ఇంకో కాలేజీకి తీసుకెళ్లే ధైర్యం నాకు లేకపోయింది. రోజూ పొద్దున్నే పార్కులో నాలుగు చుట్లు తిరిగొచ్చి కిటికీ దగ్గర కూర్చునేవాడు. ఆ విసుగు చూడలేక, ఒక శనివారం గైడుతో పల్లెటూళ్లు తిప్పి తీసుకొచ్చే టూరుకి టికెట్లు తీశాను. మధ్యాహ్నం పబ్‌లో భోజనం అందులో భాగం. ఆ ముక్క మాత్రం అమ్మకి చెప్పలేదు.

శనివారం అంటే మా ఇంట్లో వెంకటేశ్వరస్వామి వారం, నీచు ముట్టరు. అమ్మ తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపి డబ్బాకి పెట్టింది. చిన్న సీసాలో ఆవకాయ, దాన్ని రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, మీద ఒక పాత తువ్వాలు. "భోజనం వాళ్లే పెడతారమ్మా" అంటే, "పెట్టనీ, ఇది మనం పెట్టుకుంటాం" అంది.

చిన్న మినీబస్సు. గైడు రిటైరైన చరిత్ర టీచర్, పొట్టి జుట్టు, ఎండలో కూడా వాన కోటు. పిల్లలకి పాఠం చెప్పిన గొంతు కదా, మైకు అక్కర్లేదు. మాతోపాటు కొంతమంది కెనడా వాళ్లు, హడర్స్‌ఫీల్డ్ నుంచి సెలవులకి వచ్చిన ముసలి దంపతులు ఒక జంట. హడర్స్‌ఫీల్డ్ అంటే యార్క్‌షైర్‌లో సూటు బట్టలకి పేరుపడ్డ ఊరు. ఆ పెద్దాయన గురించి తర్వాత చెప్తాను.

బరీ సెయింట్ ఎడ్మండ్స్ దాటాక రోడ్డు సన్నబడింది. రెండు పక్కలా గోధుమ చేలు, ఆకుపచ్చ కంచెలు. లావెన్‌హామ్ చర్చి గోపురం ముందుగా కనిపించింది. 141 అడుగులు. అంత చిన్న ఊరికి అంత గోపురం ఏమిటా అనిపిస్తుంది ఎవరికైనా.

మార్కెట్ ప్లేస్‌లో దిగేసరికి అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చుట్టూ ఇళ్లన్నీ ఒరిగిపోయి ఉన్నాయి. ఒకటి ముందుకి వంగింది, ఒకటి పక్కింటి మీద భుజం వేసింది, ఒకదాని కిటికీ ఏ మూలా సరిగ్గా లేదు. పై అంతస్తు కింది అంతస్తు కంటే వీధిలోకి పొడుచుకొచ్చి ఉంది. "ఇయి ఇంకా ఎందుకు పడిపోలేదే?" అంది అమ్మ. ఆ ప్రశ్న ఇంగ్లీషులో చెప్తే గైడమ్మ పకపకా నవ్వి, పచ్చి ఓక్ దూలాలతో కట్టారని, కట్టాక అవి ఎండుతూ వంకర్లు తిరిగాయని, తిరిగేకొద్దీ ఒకదాన్నొకటి ఇంకా గట్టిగా పట్టుకున్నాయని చెప్పింది. దూలాల మధ్య గోడలు దడి అల్లి, మట్టిలో గడ్డీ పేడా కలిపి మెత్తినవి. నాన్న గోడ దగ్గరికి వెళ్లి సున్నం పెచ్చు లేచిన చోట గోటితో మెల్లగా తట్టి చూశాడు. ఈ ఊళ్లో రక్షిత కట్టడాలు మూడొందలకి పైనే. అంటే చూడ్డానికి కొన్ని ఇళ్లు పక్కన పెట్టారని కాదు, ఊరు ఊరంతా అదే.

గిల్డ్‌హాల్ 1530 ప్రాంతంలో కట్టింది. ఊళ్లో డబ్బున్న వర్తకుల సంఘం కోసం. కట్టిన ఇరవై ఏళ్లలోపే ఆ సంఘాలన్నీ రద్దయ్యాయి. తర్వాత ఆ భవనం జైలుగా, దిక్కులేనివాళ్లతో పని చేయించే వర్క్‌హౌస్‌గా, ఉన్ని గోదాముగా రకరకాల వేషాలు వేసి, 1951లో పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ చేతికొచ్చింది. మేం వెళ్లినప్పుడు లోపల ఊరి బట్టల వ్యాపారం గురించి ప్రదర్శన ఉంది.

అక్కడే ఒక మగ్గం ఉంది. అంతవరకు అందరి వెనకా నడిచిన నాన్న ముందుకొచ్చాడు. కండువా నడుముకి చుట్టి, గొంతుకు కూర్చుని, మగ్గం కింద చూశాడు. లేచి పక్కనుంచి చూశాడు. ఆ తర్వాత గైడు చెప్పేది ఆయన వినలేదు, నేను కూడా ఆమెను వదిలేసి ఆయన్నే విన్నాను. మన మగ్గానికి నేలలో గుంట ఉంటుంది, నేతగాడు అందులో కాళ్లు పెట్టుకుని కూర్చుంటాడు. "గుంట లేదు చూడు. కాళ్లు పైనే. చలిదేశం కదా, గుంటలో కూచుంటే బిగుసుకుపోతారు. పడుగు లావు, మన నూలు ఈ అచ్చులో వేస్తే జల్లెడే." బ్రాడ్‌క్లాత్ అనే వెడల్పు గుడ్డ నేసేటప్పుడు ఇద్దరు మనుషులు పక్కపక్కన కూర్చుని, అడ్డపోగు మోసే నాడెని అటొకరు ఇటొకరు విసురుకునేవారని బోర్డు మీద ఉంటే చదివి చెప్పాను. తాడు లాగితే నాడె దానంతటదే పరిగెత్తే ఫ్లై షటిల్ వచ్చింది 1733లో కాబట్టి, అంతకుముందు ఒక మనిషి చేతులు అంత వెడల్పుకి అందేవి కావు. నాన్న వెంటనే, "ఇద్దరికీ పడకపోతేనో?" అన్నాడు. ఆ ప్రశ్నకి బోర్డు మీద జవాబు లేదు.

లావెన్‌హామ్‌కి పేరు తెచ్చింది నీలి రంగు గుడ్డ. ఒక దశలో యార్క్, లింకన్ లాంటి పెద్ద పట్నాల కంటే ఎక్కువ పన్ను కట్టిన ఊరిది. ఇక్కడి పెద్ద వర్తకుడు థామస్ స్ప్రింగ్ 1523లో పోయాడు. ఆయన ఉన్ని కొని, వడికేవాళ్లకి పంపి, వడికిన నూలు నేతగాళ్లకిచ్చి, నేసిన గుడ్డని నీళ్లలో చిక్కబడేదాకా తొక్కించి, రంగు వేయించి అమ్ముకునేవాడు. ఆయన మగ్గం ముట్టుకోడు. సరుకు ఆయనది, ఇల్లూ ఒళ్లూ నేతగాడివి, గజానికింత కూలి. గైడమ్మ ఇదంతా చాలా ఓపిగ్గా, బొమ్మ గీసి మరీ వివరించింది. నేను తెలుగులో సగం చెప్పేసరికి నాన్న చెయ్యెత్తి ఆపాడు.

"మాస్టర్ వీవరు. చెప్పు ఆమెకి. మా ఊళ్లో ఇప్పటికీ ఉండారని చెప్పు."

చెప్పాను. ఆమె తన బొమ్మ కేసి ఒకసారి, నాన్న కేసి ఒకసారి చూసింది. అప్పట్నించీ ఏం చెప్పినా నాన్న వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టింది, కెనడా వాళ్లు కాస్త చిన్నబుచ్చుకున్నారు కూడా. నాన్న కూడా జేబులో డైరీ తీశాడు. మజూరీ ఎంత? గుడ్డలో తప్పు వస్తే కోత ఎవరికి? నూలు తూకం వేసేది ఎవరు? వరసపెట్టి ఆయన అడగడం, నేను ఇంగ్లీషులోకి మార్చడం. తూకంలో మోసాల గురించి ఆ రోజుల్లోనూ రెండు వైపులా ఫిర్యాదులు ఉండేవని ఆమె చెప్పింది. నాన్న ఎంతో తృప్తిగా తలాడించాడు.

వెనక చిన్న పెరట్లో రంగు మొక్కలు పెంచుతున్నారు. నీలి రంగు ఇచ్చే మొక్క పేరు వోడ్. ఆకులు నూరి, ఉండలు కట్టి ఆరబెట్టి, మళ్లీ తడిపి పులియబెడితే రంగు. ఆ కంపు భరించలేక మొదటి ఎలిజబెత్ రాణి తను బస చేసే చోట్లకి దగ్గర్లో ఆ పని చేయొద్దని ఆంక్ష పెట్టిందట. మన నీలిమందులో ఉండే రంగూ, ఇందులో ఉండే రంగూ ఒకటే. మన మొక్కలో ఎక్కువ దొరుకుతుంది, అంతే తేడా. అందుకే ఇండియా నీలిమందు ఓడల్లో వచ్చి పడుతుంటే యూరప్‌లో వోడ్ పండించే రైతులు గగ్గోలు పెట్టారు, కొన్ని దేశాల్లో నీలిమందుని నిషేధించారు కూడా. నాన్న ఒక ఆకు నలిపి వాసన చూశాడు. "ఏం వాసన లేదు. తేలియా రుమాళ్ల వాసన చూపించాల్సింది ఆ రాణికి." మా తాత తేలియా రుమాళ్లు నేసేవాడు. నూలుని నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, అప్పుడు ఎర్రరంగు ఎక్కిస్తారు. చీరాల నుంచి అరబ్బు దేశాల దాకా వెళ్లేవి. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ నూనె వాసన పోదు. తాత పోయాక కూడా ఆ గదిలో వాసన ఉండేదని నాన్న అంటాడు, నాకు మాత్రం గుర్తులేదు.

1525 సంగతి ఆమె చర్చికి నడుస్తూ చెప్పింది. ఎనిమిదో హెన్రీకి ఫ్రాన్స్ మీద యుద్ధానికి డబ్బు కావాల్సొచ్చింది. పార్లమెంటుని అడక్కుండానే ఆస్తిలో ఇంత భాగం కట్టమని జనం మీద పడ్డాడు. దానికి స్నేహపూర్వక కానుక అని అర్థం వచ్చేలా పేరు ఒకటి. వర్తకులు, ఆ పన్ను కడితే మీకు పనివ్వడానికి మా దగ్గర డబ్బుండదని చేతులెత్తేశారు. నేతగాళ్లు, వడికేవాళ్లు, గుడ్డ తొక్కేవాళ్లు వేలమంది లావెన్‌హామ్‌లో పోగయ్యారు. చర్చి గంట మోగితే ఇంకా జనం కదలాలని ఏర్పాటు. ఎవరో గంటల నాలుకలు ముందే ఊడబీకి దాచేశారని ఊళ్లో కథ. మీ నాయకుడు ఎవడని నార్‌ఫోక్ డ్యూక్ అడిగితే, జాన్ గ్రీన్ అనే పెద్దవయసాయన ముందుకొచ్చి, మా నాయకుడి పేరు పేదరికం అని జవాబిచ్చాడని అప్పటి చరిత్రకారుడు రాశాడు. చివరికి రాజు ఆ పన్ను వదులుకున్నాడు.

నేను ఇది తెలుగులో చెప్తుంటే నాన్న నడక ఆగిపోయింది. "చీరాల పేరాల" అన్నాడు. అంతే.

నాకు తెలిసిన కథే, చిన్నప్పుడు వంద సార్లు విన్నదే. చీరాల, పేరాలని కలిపి మునిసిపాలిటీ చేసి, నాలుగు వేలున్న పన్ను ఒక్కసారిగా నలభై వేలకి పెంచితే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద జనం ఇళ్లకి తాళాలేసి ఊరు ఖాళీ చేసి వెళ్లిపోయారు. మునిసిపాలిటీ హద్దు అవతల రామనగర్ అని పాకలు వేసుకుని పదకొండు నెలలు ఉన్నారు. ఎండా వానా అన్నీ ఆ పాకల్లోనే. మా నాయనమ్మ అప్పటికి చంటిపిల్ల. వాళ్లమ్మ ఒక చంకన పిల్లనీ, ఇంకో చంకన రాట్నాన్నీ పెట్టుకుని నడిచిందని మా ఇంట్లో చెప్పుకుంటారు. గైడమ్మకి నేను ఇదంతా రోడ్డు మీద నిలబడే చెప్పాను. ఆమె "ఊరు మొత్తమా?" అని రెండుసార్లు అడిగింది. ఆ తర్వాత తన పర్సులోంచి ఒక కాగితం తీసి 'చీరాల' ఎలా రాయాలో అడిగి రాసుకుంది. ఒక టూరు గైడు నోట్సు రాసుకోవడం నేను చూసింది అప్పుడే.

చర్చి మాత్రం నాకు పెద్దగా గుర్తులేదు. వర్తకుల డబ్బుతో, ఆక్స్‌ఫర్డ్ ఎర్ల్ డబ్బుతో కట్టింది. గోపురం చుట్టూ స్ప్రింగ్ కుటుంబం చిహ్నం చెక్కించుకున్నారు. లోపల చల్లగా ఉంటే అమ్మ కాసేపు కూర్చుని మోకాళ్లు రాసుకుంది.

బస్సెక్కే ముందు కెనడా ఆవిడ అడిగింది, ఇంత పాత ఇళ్లు ఇంత బాగా ఎలా కాపాడుకున్నారని. గైడమ్మ, కాపాడలేదండీ, గతిలేక వదిలేశారు అంది. హాలండ్ వైపునుంచి పారిపోయి వచ్చిన నేతగాళ్లు కోల్చెస్టర్‌లో స్థిరపడి పల్చటి, చవకైన గుడ్డ నేయడం మొదలుపెట్టాక లావెన్‌హామ్ బరువైన నీలి గుడ్డ అడిగేవాడు లేడు. డబ్బున్న ఊళ్లలో పాత ఇళ్లు పడగొట్టి ఇటుకలతో కొత్తవి కట్టుకున్నారు. ఇక్కడ కట్టుకునే స్తోమత ఎవరికీ లేదు. అందుకని ఆ వంకర ఇళ్లలోనే తరాలు గడిచాయి. ఇవాళ ఆ ఇళ్లు కొనాలంటే లండన్ డబ్బు కావాలి.

నాన్న బస్సులో కిటికీ పక్కన కూర్చుని చాలాసేపటికి అన్నాడు, "మనకి అట్టా కూడా మిగల్దు. మనోళ్లు గుంట పూడ్చి బండలు పరిచేస్తారు."

మా ఇంట్లోనూ అంతే. తమ్ముడి పెళ్లికి ముందు ఇల్లు బాగుచేయిస్తూ ముందు గదిలో మగ్గం గుంట పూడ్పించాం. ఎర్రమట్టి, మీద కాంక్రీటు, ఆ పైన తెల్ల టైల్స్. సరిగ్గా ఆ చోట ఇప్పుడు ఫ్రిజ్ ఉంటుంది. ఆ రోజు నాన్న మేస్త్రీ పక్కనే నిలబడి, దిమ్మిస బాగా కొట్టించు, లేకపోతే కుంగుద్ది అని మాత్రం చెప్పాడు.

మధ్యాహ్నానికి కెర్సీ చేరాం. చిన్న ఊరు, ఒకటే వీధి, ఒక కొండ దిగి ఇంకో కొండ ఎక్కుతుంది. మధ్య పల్లంలో వీధికి అడ్డంగా వాగు పారుతుంది, బళ్లకి వంతెన లేదు, నీళ్లలోంచే వెళ్లాలి. దాన్ని స్ప్లాష్ అంటారు. మా ముందు ఒక బాతు పిల్లల్ని వెంటేసుకుని రోడ్డు దాటుతుంటే డ్రైవరు ఇంజను ఆపి మరీ ఆగాడు. ఈ ఊరి పేరుతో కెర్సీ అనే ముతక ఉన్ని గుడ్డ ఐరోపా అంతా అమ్ముడుపోయేది. నరసాపురం దగ్గర మాధవాయపాలెం గుడ్డ మడపొల్లం అన్న పేరుతో ఇంగ్లండ్ బజార్లలో తిరిగిందని నాకు ఆ తర్వాతెప్పుడో తెలిసింది. ఆ రోజే తెలిసుంటే నాన్న ఇంకో అరగంట మాట్లాడేవాడు.

పబ్ బోర్డు చూడగానే అమ్మ గుమ్మం దగ్గర ఆగిపోయింది. "ఇది బారు కాదూ?"

"పబ్ అమ్మా. హోటల్లాగే."

"బారే. సీసాలు కనపడతన్నాయి."

నిజమే, కనపడుతున్నాయి. అమ్మ తన జన్మలో బ్రాందీ షాపు ఉన్న వీధిలోంచి కూడా నడిచి ఎరగదు, చుట్టూ తిరిగి వెళ్తుంది. అంతలో ఒక ముసలావిడ మనవరాల్నీ, కుక్కనీ వెంటబెట్టుకుని మమ్మల్ని దాటి లోపలికి వెళ్లింది. కుక్క తిన్నగా వెళ్లి పొయ్యి ముందు పడుకుంది. అమ్మ ఆ కుక్కనే చూస్తూ, "పసిపిల్లని కూడా తీసుకొస్తారా?" అని గొణిగి, తల మీద కొంగు కప్పుకుని, గుళ్లోకి వచ్చినంత జాగ్రత్తగా లోపలికి అడుగుపెట్టింది. దూలాలు ఎంత కిందకి ఉన్నాయంటే మా ఆయన తల వంచుకుని నడవాల్సొచ్చింది, అయినా ఒకసారి తగిలించుకున్నాడు. అమ్మకి మాత్రం ఏ దూలమూ అడ్డు రాలేదు.

శనివారం కాబట్టి అమ్మకీ నాన్నకీ ప్లౌమన్స్ లంచ్ చెప్పాను. చెక్క పలక మీద ఇంత లావు చెడ్డార్ చీజ్ ముక్క, రొట్టె, వెన్న, వెనిగర్‌లో ఊరిన ఉల్లిపాయ, ఆపిల్ ముక్కలు, తియ్యటి పచ్చడి. పేరుకి దుక్కి దున్నే రైతు భోజనం. రైతులు రొట్టె, చీజ్ తినడం పాత సంగతే గానీ, ఈ పేరు పెట్టి పబ్బుల్లో అమ్మించింది 1950ల్లో చీజ్ అమ్మకాలు పెంచాలని ప్రచారం చేసినవాళ్లని గైడమ్మ చెప్పింది. యుద్ధం రేషన్లు అయిపోయాయి, జనానికి మళ్లీ చీజ్ అలవాటు చేయాలి. నాన్నకి ఇది ఆ రోజు విన్న వాటన్నిట్లోకీ నచ్చిన విషయం. "యాపారం తెలిసినోళ్లు" అని మెచ్చుకున్నాడు. తాగడానికి ఆపిల్ జ్యూస్ ఇస్తే వాసన చూసి, నా మొహం చూసి, మా ఆయన్ని ముందు తాగమన్నాడు.

అమ్మ ఉల్లిపాయ కొరికి కళ్లు గట్టిగా మూసుకుంది. చీజ్ మూలగా ఇంచుక తుంచి నోట్లో పెట్టుకుని, మిగతాది నా పలక మీదకి జరిపింది. రొట్టెకి వెన్న రాసి, సంచిలోంచి ఆవకాయ సీసా తీసింది. ఆ వాసనకి పక్క బల్ల వాళ్లు తలలు తిప్పారు. నేను కిందకి చూస్తూ కూర్చున్నాను. అయితే వాళ్లలో ఒకాయన వచ్చి అదేమిటని అడిగి, వేలి చివర రుచి చూసి, నోరు ఊదుకుంటూ వెళ్లి తన గ్లాసు మొత్తం ఖాళీ చేశాడు. పులిహోర మాత్రం బయట బెంచీ మీద, స్ప్లాష్ పక్కన కూర్చుని తిందామె. బయటి తిండి పబ్‌లో తినకూడదని నేను చెప్పడం వల్ల కాదు. దేవుడికి నివేదన చేసింది బారులో తినదట.

ఆ తినే టైములోనే లోపల హడర్స్‌ఫీల్డ్ పెద్దాయన మా బల్ల దగ్గరికి వచ్చాడు. చేతిలో బిట్టర్ బీరు, పొద్దుట్నుంచీ నాన్న భుజం మీది కండువా కేసే చూస్తున్నాడు. పట్టుకోవచ్చా అని సైగ చేశాడు. నాన్న తీసి ఇచ్చాడు. ఆయన దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా రుద్దాడు, అంచు దగ్గర లాగి వదిలాడు, వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. తర్వాత తాళంచెవుల గుత్తికి వేలాడుతున్న చిన్న మడత భూతద్దం విప్పి గుడ్డ మీద నిలబెట్టి, బీరు పక్కన పెట్టి, ఒక కన్ను మూసి పోగులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పెదాలు కదులుతున్నాయి. మధ్యలో ఆయన భార్య ఏదో అడిగితే చెయ్యెత్తి ఆగమన్నాడు. నాన్న పక్కనే వంగి, తను కూడా కళ్లతోనే లెక్కపెడుతున్నాడు.

"హండ్రెడ్స్" అన్నాడు నాన్న.

"కాటన్ కౌంట్?" అన్నాడాయన.

"కౌంట్, కౌంట్."

నూలు లెక్క ఇద్దరికీ తెలుసు. పౌను నూలులో 840 గజాల చిలపలు, అంటే నూలు చుట్టలు, ఎన్ని వస్తే అన్ని కౌంటు. ఉన్నికి లెక్క వేరట, ఆ పెద్దాయన బీరు గ్లాసు కింద పెట్టే అట్ట మీద రాసి చూపించాడు. నాన్న ఆయన కోటు చెయ్యి పట్టుకుని లోపలికి తిప్పి చూసి, "ట్విల్" అన్నాడు. వార్ప్, వెఫ్ట్, సైజింగ్. నన్నెవరూ అడగలేదు, నేను చెప్పాల్సిన పని కూడా పడలేదు. కేంబ్రిడ్జ్‌లో దిగినప్పటి నుంచీ నాన్న నా సాయం లేకుండా ఒక మనిషితో మాట్లాడింది అప్పుడే. ఆ పెద్దాయన పదిహేనో ఏట మిల్లులో చేరాడు, అది మూతపడేదాకా అక్కడే ఉన్నాడు. ఇప్పుడు ఆ మిల్లులో అపార్ట్‌మెంట్లు. తను మరమ్మతు చేసిన మగ్గం ఉన్న చోట ఎవరిదో వంటిల్లు ఉందని చెప్పాడు, ఇది మాత్రం నేనే తెలుగులో చెప్పాను. నాన్న "ఫ్రిజ్" అని తన గుండె మీద వేలు పెట్టి చూపించుకున్నాడు. ఆయనకి ఏం అర్థమైందో తెలీదు గానీ గట్టిగా నవ్వాడు. కండువా ఆయనకే ఇచ్చేశాడు నాన్న. ఆయన వద్దన్నాడు, నాన్న వినలేదు. తాగినవాటి బిల్లు వచ్చేసరికి మా ఆపిల్ జ్యూసులకి డబ్బులు ఆయన కట్టేసి ఉన్నారు.

చివర లాంగ్ మెల్‌ఫర్డ్. పేరుకి తగ్గట్టు పొడుగాటి వీధి, ఆ చివర పచ్చిక మీద పెద్ద చర్చి. దీని బయటి గోడల మీద చెకుముకి రాళ్లు పొదిగి అక్షరాలు తీర్చారు. ఫలానా వారి ఆత్మశాంతి కోసం ప్రార్థించండి, ఈ భాగం కట్టించింది ఫలానా వారు అని గోడ పొడుగునా. క్లాప్టన్లు, మార్టిన్లు, అందరూ గుడ్డ డబ్బు ఉన్నవాళ్లే. మన గుళ్లలో ట్యూబులైటు మీదా, ఫ్యాను రెక్కల మీదా దాత పేరు రాయించుకున్నట్టే, కాకపోతే వీళ్లది ఐదొందల ఏళ్లయినా చెరగలేదు. అమ్మ ఆ మాట విని మొదటిసారి గైడు చెప్పేదాని మీద ఆసక్తి చూపించింది. మా ఊరి శివాలయానికి వాళ్ల పుట్టింటివాళ్లు ఇచ్చిన ఫ్యాను గురించి, ఆ రెక్క మీద పేరు తప్పు రాసిన పెయింటరు గురించి చాలాసేపు చెప్పింది. అదంతా నేను ఇంగ్లీషులో చెప్పలేదు.

సమాధుల మధ్య నడుస్తూ గైడమ్మ ఒక విచిత్రమైన చట్టం చెప్పింది. 1660ల్లో, మళ్లీ 1670ల్లో ఇంగ్లండ్‌లో శవాన్ని ఉన్ని గుడ్డలోనే చుట్టి పాతిపెట్టాలని చట్టం చేశారు. అలాగే చేశామని ప్రమాణ పత్రం ఇవ్వాలి, లేకపోతే ఐదు పౌండ్ల జరిమానా. ఉన్ని అమ్మకాలు నిలబెట్టడానికి. అవీ చాలక, మన అద్దకం బట్టలు ఇక్కడి ఆడవాళ్లు ఎగబడి కొంటుంటే, 1700లో వాటి దిగుమతి ఆపారు, 1721లో ఆ గుడ్డలు కట్టుకోవడమే తప్పన్నారు. ఆ తర్వాత మిల్లులు వచ్చి ఏమైందో మనకి వేరే చెప్పనక్కర్లేదు. నాన్న సమాధిరాయి మీద చెయ్యి వేసి నిలబడి, "అంటే చచ్చినోళ్లకి కూడా నేసి అమ్మారు. మనోళ్లకి ఈ అవిడియా రాలా" అన్నాడు. చేనేత గుడ్డ అమ్మే సహకార సంస్థలు కోఆప్టెక్స్, ఆప్కో మీద ఏదో కామెంటు చేయబోయి మానేశాడు.

ఆయన అక్కడ కూడా అడిగాడు, ఈ గోడ మీద నేసినవాడి పేరు ఏదైనా ఉందా అని. లేదంది ఆమె. డైరీ తీసి, పొద్దున చెప్పిన ఆ పెద్దమనిషి పేరు ఏమిటని అడిగి, తెలుగులో రాసుకున్నాడు. జాన్ గ్రీన్, 1525. దాని కింద లైనులో ఆపిల్ జ్యూసు ధర ఉంది, రూపాయల్లోకి మార్చి.

తిరుగు బస్సులో అందరూ నిద్రపోయారు.

రాత్రి అమ్మ చీరాలకి ఫోన్ చేసి పిన్నితో మాట్లాడింది. వంకర ఇళ్లు, వోడ్ ఆకు, ఎనిమిదో హెన్రీ, ఏవీ లేవు. పబ్ గురించే గంటసేపు. దూలాలు, కుక్క, పసిపిల్ల, సీసాలు ఎన్ని వరసల్లో పెట్టారో, తను కొంగు ఎలా కప్పుకుందో. "నేను ముట్టుకోలేదే, చీజూ రొట్టే తిన్నా" అని ఒట్టు వేసి చెప్పింది. పిన్ని ఎంతవరకు విందో, ఎవరెవరికి ఏం చెప్పిందో గానీ, వారం తిరక్కుండానే పెద్ద మావయ్య నాకు ఫోన్ చేసి, గొంతు బాగా తగ్గించి, "మీ అమ్మని లండన్లో బారుకి తీసుకెళ్లావంటనే, నిజమేనా?" అని అడిగాడు. లండన్ కాదు మావయ్యా, సఫోక్ అన్నాను.

"అయితే బారు నిజమే" అన్నాడు.